సుజాత పేరు మీద నా వేలు

2023లో నాంపల్లిలోని ఒక వకీలు ఆఫీసులో, నేను చేసిన తప్పుకు టైపిస్టు సుజాతను దొంగను చేశాను. తప్పు నాదని అప్పటికి తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

నాది అబిడ్స్‌లో కంప్యూటర్ సర్వీసు దుకాణం. ఆ ఆఫీసులో ఫింగర్‌ప్రింట్ లాగిన్ పెట్టింది నేనే. పాస్‌వర్డ్ మరిచిపోయే బాధ లేదు, పక్కవాళ్లు తొంగిచూసి పట్టేసే భయం లేదు. అయితే ఒక్కో పేరు కింద చాలా వేళ్లు ఎన్‌రోల్ చేయవచ్చు, అంటే కంప్యూటర్‌కు పరిచయం చేయవచ్చు. మాటిమాటికీ ఎవరినీ పిలవకుండా పని చేసుకోవచ్చని, ప్రతి కస్టమరు దగ్గరా నా చూపుడువేలు కూడా ఎక్కించేవాణ్ణి. ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

ఒక పెద్దాయన వీలునామా డ్రాఫ్టు, ఆయన చూడకముందే ఆయన కొడుకు చేతికి చేరింది. వకీలు నన్ను పిలిపించి లాగ్ తీయించారు. ఎవరు ఏ వేళకు కంప్యూటర్ తెరిచారో అందులో ఉంటుంది. మంగళవారం ఒంటిగంటా నలభైకి సుజాత పేరు మీద వేలితో లాగిన్, కాసేపటికి ఆ ఫైలు ప్రింటు. వకీలు సుజాతను పిలిచి అడిగారు.

"గప్పుడు నేను గీడ లేను సార్. కిందికి పోయి అన్నం తింటున్న."

"నీ వేలొక్కటే పైకొచ్చిందా?" అన్నారు వకీలు.

వేలు అబద్ధం చెప్పదని నేనూ వంత పాడాను. ఆమె నావైపు తిరిగింది. "గది నా వేలేనని ఎట్ల చెప్తున్రు అన్నా? కనవడేది పేరే గదా."

తప్పు చేసినవాళ్లే ఇలా వాదిస్తారనుకున్నాను. రేపటి నుంచి రావద్దన్నారు వకీలు.

దుకాణానికి వచ్చి ఆ రోజు పని రాద్దామని సర్వీసు రిజిస్టరు తెరిస్తే, మంగళవారం ఒంటిగంటన్నరకు అదే ఆఫీసు, ప్రింటరు పని అని నా రాతలోనే ఉంది. రోజుకు పది చోట్లు తిరిగే హడావిడిలో అది మరిచిపోయాను. వకీలు కోర్టులో, సుజాత భోజనానికి. నా వేలితో ఆమె కంప్యూటర్ తెరిచి, కేబుల్ కోసం అబిడ్స్‌కు వచ్చాను. స్క్రీన్ లాక్ చేయలేదు. ముందు గదిలో ముగ్గురు క్లయింట్లు కూర్చుని ఉన్నారు. ప్రింటు తీసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

నా వేలు చడీచప్పుడు లేకుండా తీసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన వచ్చింది కూడా. సాయంత్రం వెళ్లి, సుజాతను పిలిపించి, ఇద్దరి ముందూ అంతా చెప్పాను. వకీలు ఆమెను మళ్లీ పనిలోకి రమ్మన్నారు.

"ఔ, వస్త సార్," అని, నన్ను అడిగింది. "గిట్ల ఇంకెంతమంది పేర్ల మీద కూసున్నరు అన్నా?"

ముప్పై ఒక్క చోట్ల. వారమంతా అబిడ్స్, బషీర్‌బాగ్ తిరిగి, జరిగింది చెప్పి, వాళ్లు చూస్తుండగానే నా వేలు తీసేశాను. ఆరుగురు నన్ను మళ్లీ పిలవలేదు. ఎందుకని నేను అడగలేదు.