ఆ దీపం వెలిగే ముందు

తిరుపతి నుంచి తిరుత్తణి వెళ్లే బస్సులో పక్క సీటామె నా ఫోన్ మాటలన్నీ విన్నది. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే నా హైబ్రిడ్ కారులో, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని చెప్పే పసుపు దీపం అప్పుడప్పుడూ వెలిగి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆరిపోయేది. నాయనను డయాలసిస్‌కు అందులోనే తీసుకెళ్లాలి. దారిలో ఆగిపోతే ఎట్లా అని భయపడి, కారు అమ్మేస్తానని తమ్ముడితో చెబుతున్నాను.

ఫోన్ పెట్టేయగానే ఆమె అడిగింది. "ఆ దీపం ఎలిగే ముందు ఏం చేసినావు నాయనా?"

ఎప్పుడూ గమనించలేదన్నాను.

ఆమెది నగరి. మరమగ్గాల మీద పని. "కార్లు నాకు తెలీవు. మా మగ్గంలో ఒగ పోగు ఊరికే తెగతా ఉండె. ఫిట్టరొచ్చి సూస్తే మాత్రం బాగానే నడిసేది. తెగినప్పుడల్లా, అంతకు ముందు ఏం జరిగిందో సుద్దముక్కతో గోడ మీద రాసినాను. ఎనిమిదో దినానికి తెలిసింది. పక్క తలుపు తెరిసి ఎండగాలి కొట్టి పోగు ఎండిపోయినప్పుడే తెగతా ఉండాది."

కొంగుకు అంటిన నూలు పీచు తీసుకుంటూ మామూలుగా చెప్పి, నగరిలో దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఆ రోజు నుంచి నేనూ ఒక చీటీ మీద రాశాను. నెల తిరిగేసరికి దీపం మూడుసార్లు వెలిగింది. మూడుసార్లూ పెట్రోలు పట్టించిన ఒకటి రెండు రోజులకే. చీటీ చూసిన మెకానిక్ నేరుగా పెట్రోలు ట్యాంకు మూత విప్పి, రబ్బరు రింగు చుట్టూ వేలు తిప్పాడు. ఒకచోట సన్నగా చీలి ఉంది. మూత సరిగ్గా కూర్చోనప్పుడల్లా పెట్రోలు ఆవిరి బయటికి పోయి, దీపం వెలుగుతోందట.

మూత మార్చాక దీపం మళ్లీ వెలగలేదు. తర్వాతి సర్వీసుకు వెళ్లినప్పుడు మెకానిక్ అడిగాడు. "మాకే దొరకలేదు గదా, ఎవరు కనిపెట్టినారు సార్?"

"నగరిలో బస్సు దిగిపోయిన ఒకామె" అన్నాను.