ముప్పాతిక ఓట్లు, రెండు కొక్కేలు

2023 నాటి సంగతి. ఆమదాలవలసలో స్టేషన్‌కి వెళ్లే దారిలో నాకు ఫోటోలకు పటాలు కట్టే దుకాణం ఉంది. చదివింది మాత్రం స్టాటిస్టిక్స్ డిగ్రీ. రెంటికీ సంబంధం ఏమిటని మా మావగారు ఇప్పటికీ అడుగుతుంటారు.

మా పనిలో ఫోటో చుట్టూ వేసే చెక్క చట్రాన్ని బీడింగ్ అంటాం. పోయినవాళ్ల పటమైతే బీడింగ్ పై అంచున దండ వేయడానికి రెండు కొక్కేలు కొడతాం. మనిషి ఉన్నారా, పోయారా అని మొహం మీద అడగలేం కనుక, "కొక్కేలు పెట్టాలా?" అంటాం. మర్యాదగా ఉంటుంది. జవాబు మాత్రం మారదు.

ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్ల కబడ్డీ అభిమానులు కలిసి హాల్ ఆఫ్ ఫేమ్ ఒకటి పెట్టారు. అంటే వాళ్ల సంఘం గదిలో ఒక గోడ. ఓట్లతో నెగ్గిన పాత ఆటగాళ్ల పటాలు దాని మీదికెక్కుతాయి. పటాల పని నాది. ఎన్ని ఓట్లొస్తే ఎక్కించాలన్న లెక్క కూడా, డిగ్రీ పుణ్యమా అని, నా మెడకే చుట్టారు.

"సగం చాలు," అన్నాను.

సంఘం అధ్యక్షుడు సన్యాసిరావు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, నొచ్చుకున్నాడు. "సగం ఓట్లుంటే సర్పంచి అయిపోతాడు బావా. ఇది గోడ. ముప్పాతిక ఉండాల."

ముప్పాతికే ఖాయమైంది. ఒక్కొక్కరు ఎంతమందికైనా ఓటేయొచ్చు. కానీ చాలామంది తమ ఊరివాడికి తప్ప వేయలేదు. పొరుగూరివాడికి వేస్తే వాడు ముందెక్కేస్తాడని భయం. అందుచేత ఎవరూ ఎక్కలేదు. గోడ తెల్లగా, ఎంతో నిష్పక్షపాతంగా మిగిలిపోయింది.

పొరుగూళ్ల ఓట్లు కూడా కొన్ని పడి సగం దాటినవాడు ఎర్రయ్య ఒక్కడే. సముద్రం ఒడ్డు ఊరు, చేపల వేటకెళ్లే మనిషి. ఒకప్పుడు అతను కూతకొస్తే అవతలి జట్టు గీత దాకా జరిగేది. ఇప్పుడు ఆ ఊపిరితిత్తులే మొరాయిస్తున్నాయి. దుకాణం మెట్లెక్కి, కాసేపు ఆయాసం తీర్చుకుని, ఫోటో ఇచ్చాడు.

"పటం కట్టి ఉంచు బాబూ. వచ్చే ఓట్లకి ఎక్కుతాను."

"పొరుగూరోళ్లు వెయ్యాలి కదా మావా?"

"నానంటే ఆళ్లకి ఇష్టమేరా. మొన్నొకడు ఇంటికొచ్చి సేప కూడా అట్టుకెళ్లాడు. ఓటు మాత్రం ఏయనన్నాడు." నవ్వబోయి దగ్గాడు.

పటం కట్టి చూపించిన రోజు, ఫోటో చూడకుండానే పై అంచు తడిమాడు.

"కొక్కేల్నేవు గదా?"

"లేవు మావా."

"అయితే బాగున్నాది. నీ కాడే ఉంచు. గోడ మీద సూస్తాను."

కొన్నాళ్లకి మంచాన పడ్డాడని తెలిసింది. సన్యాసిరావు దగ్గరికెళ్లాను. "హద్దు సగానికి దింపేయండి మాస్టారూ. ఎర్రయ్యకి సగం ఎలాగూ వచ్చాయి. ఆ మనిషి ఉండగానే ఎక్కిద్దాం."

"మనిషిని బట్టి రూలు మారిస్తే, అది రూలేటి బావా?"

తర్కంలో తప్పు లేదు. తప్పంతా ఎర్రయ్య ఊపిరితిత్తుల్లోనే ఉంది.

మళ్లీ ఓట్లు రాకముందే అతను పోయాడు. సంతాప సభలో, గోడ మీద ఎర్రయ్య పటం పెడదామని సన్యాసిరావే అన్నాడు. అన్ని చేతులూ లేచాయి. ముందు లేచినవి పొరుగూరివాళ్లవి. చేప పట్టుకెళ్లినాయన రెండు చేతులూ ఎత్తాడు. ముప్పాతిక కాదు, నూటికి నూరు. మా సబ్జెక్టులో ఇలాంటి ఫలితం వస్తే లెక్క మళ్లీ చేయమంటారు.

మర్నాడు సన్యాసిరావు దుకాణానికొచ్చాడు. పటం సిద్ధంగా ఉండడం చూసి మెచ్చుకున్నాడు. తర్వాత పై అంచు చూశాడు.

"కొక్కేలు మర్సిపోయావేటి బావా?"

కొట్టాను. ఆరిన బీడింగ్ కదా, రెండో కొక్కేనికి చిన్న పగులిచ్చింది.

"పర్నేదులే," అన్నాడతను. "దండ కింద అవుపడదు."

ఎంత శాతం పెట్టాలని ఇప్పటికీ ఏదో ఒక సంఘంవాళ్లు నన్నడుగుతుంటారు. ఆ లెక్క తర్వాత చూద్దాం, పటానికి కొక్కేలు ఉండాలో వద్దో ముందు తేల్చుకురండి అంటాను.