విగ్గులో వెంట్రుకలు పీకే ఆవిడ

కొత్తగూడ చౌరస్తాలో, ఫోన్ల దుకాణం పై గదిలో విగ్గులు సరిచేసే ఒకావిడ ఉండేది. ఏ విగ్గు చూసినా ఆమెది ఒకటే మాట: "జర తప్పుండాలె."

కేన్సరు మందులకు నా భార్య జుట్టంతా రాలిపోయింది. ఐదు నెలలుగా దవాఖానకు తప్ప గడప దాటలేదు. నేను కొన్న విగ్గు పెట్టుకుంటే నొసటి మీద గీత గీసినట్టుందని తీసి పడేసింది. బతిమాలి, తల నిండా కొంగు కప్పించి, ఆటోలో అక్కడికి తీసుకెళ్లాను.

ఆవిడ విగ్గును చెక్కతలకు తొడిగి, ముందంచున పట్టకారుతో వెంట్రుకలు పీకసాగింది. రెండు పీకడం, వెనక్కి జరిగి చూడటం, మళ్లీ రెండు. నాకు ఒళ్లు మండింది.

"కొత్తది తెస్తే పీకి పాడుజేస్తవేందమ్మా?"

"దేవుడు మనకు వరుసలు గట్టి నాటిండా పెద్దాయనా? నీ నెత్తి జూసుకో."

నా భార్య కొంగు చాటున నవ్వింది.

పాపిట దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. "ఎన్నేండ్ల సంది ఈడ కుంకుమ పెడుతున్నవమ్మా?"

"నలభై రెండు."

"అయితే పల్చబడి ఉంటది గదా," అని పాపిట మొదట్లో ఒక్కొక్కటే తీసింది.

బడికి పోకుండానే లోకాన్నంతా చదివానని విర్రవీగేవాణ్ణి. నలభై రెండేళ్లు ఎదురుగా ఉండి ఆ పల్చన నేను చూడనేలేదు.

విగ్గు పెట్టాక ఆవిడ అద్దం అందించింది. నా భార్య తీసుకోలేదు. ఆ గదిలో గోడకున్న దేవుడి పటం దగ్గరి కుంకుమ వేలికి అద్దుకుని పాపిట మొదట్లో పెట్టుకుంది. వేలు తడుముకోలేదు.

"ఆటో వద్దు," అంది నాతో, కొంగు భుజం మీదికి దించుకుంటూ. "బస్సుల పోదాం పాండి."