చిక్కడపల్లిలో మా అమ్మాయి బెర్త్

విశాఖ పోర్టులో ఏ ఓడ ఏ బెర్తుకు రావాలో చూసే సెక్షన్‌లో నా ఉద్యోగం. బెర్త్ దొరకని ఓడ సముద్రంలో లంగరు వేసుకుని ఎదురుచూస్తుంది. మా అమ్మాయి శ్రావణి కూడా హైదరాబాద్‌లో నాలుగేళ్ళుగా గ్రూప్స్ రాస్తూ అలాగే ఎదురుచూస్తోంది. ఈసారీ ఫలితాల్లో పేరు రాలేదు. "ఇక చాల్లే, వెళ్ళి తీసుకొచ్చెయ్" అన్నారు మా ఆయన. ఫోన్ చేస్తే అది "నీ ఇష్టం అమ్మా" అంది. వెళ్ళడానికి ఒక టికెట్టు, రావడానికి రెండు తీసుకుని సాయంత్రం రైలెక్కాను.

నాకొచ్చిన కింది బెర్తులో అప్పటికే ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని ఉంది. "మోకాళ్ళ నొప్పులమ్మా, పైకెక్కలేను. నీకు పుణ్యముంటుంది" అంది. ఆ మాటకి నేనే పైకెక్కాను. ఎదుటి బెర్తులో పేపరు చదువుతున్నాయన "కేబినెట్‌లో మా జిల్లాకి ఈసారీ బెర్త్ లేదండీ" అని వాపోయాడు, ఆ పంపకమేదో నా చేతిలో ఉన్నట్టు. ఓడకీ, మంత్రికీ, మోకాళ్ళ నొప్పులకీ కలిపి ఇంగ్లీషువాడు ఒకే మాట ఇచ్చి చేతులు దులుపుకున్నాడు.

పొద్దున ఆరు దాటాక సికింద్రాబాద్. బస్సులో నారాయణగూడ వచ్చి, ఫ్లైఓవర్ పక్కన బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. అక్కడి నుంచి అశోక్ నగర్‌కు ఆటో. "పాప కోచింగా అమ్మా? గట్లనే ఉంటది, జర ఓపిక పట్టాలె" అన్నాడు డ్రైవరు, నేనేమీ చెప్పకుండానే.

శ్రావణి చిక్కిపోయింది. హాస్టల్లో సామాన్లు సర్దేశాక "లైబ్రరీలో నా బెర్త్ దగ్గర కొన్ని ఉన్నాయి" అంది. చిక్కడపల్లి లైబ్రరీలో రోజూ కూర్చునే కుర్చీని వీళ్ళు బెర్త్ అంటారట.

అక్కడికి వెళ్ళాక అది నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళింది. ఓ కుర్చీలో నేను కుట్టి పంపిన దిండు కనిపించింది. సాయం చేద్దామని దిండూ పుస్తకాలూ సంచిలో పెట్టేశాను. అంతే, చుట్టూ తలలు లేచాయి. "శ్రావణక్కకు కొలువొచ్చిందా ఆంటీ? మిఠాయేది?" అంది ఒకమ్మాయి. అక్కడ దిండు తీసేది ఉద్యోగం వచ్చినప్పుడేనట. మిఠాయి పంచి, కుర్చీని ఇంకొకరికి అప్పగించి వెళ్తారట. ఆశ వదులుకున్నవాళ్ళు మాత్రం దిండు అక్కడే వదిలేసి, చెప్పకుండా వెళ్ళిపోతారట.

తిరిగొచ్చిన శ్రావణితో అందరూ చేయి కలుపుతుంటే దాని ముఖం చూడలేకపోయాను. "రాలేదే. నేను ఇంటికి వెళ్ళిపోతున్నాను" అంది. ఖాళీ అయిందని అప్పటికే ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. పేరు మంజుల. అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇళ్ళు కట్టే పనికి వెళ్తారు. ఇన్నాళ్ళూ చోటు లేక మెట్ల మీద చదువుకుంటోంది. "నువ్వే కూసో అక్కా. దిండు గిట్ల తీస్తే మంచిగుండదు. కొలువొచ్చినంక తియ్యి" అంది.

శ్రావణి సంచిలోంచి దిండు తీసి గుండెకు అదుముకుని ఏడ్చింది. "ఇంకొక్కసారి రాస్తానమ్మా" అంది. నీ ఇష్టం అన్న మాట వెనక తన ఇష్టాన్ని ఎంతగా దాచుకుందో నాకప్పుడు తెలిసింది. పోర్టులో చోటు చాలనప్పుడు ఒక ఓడ పక్కనే ఇంకో ఓడను కట్టేస్తాం. "మధ్యాహ్నం దాకా నువ్వు, ఆ తర్వాత మంజుల" అన్నాను. ఇద్దరూ సరేనన్నారు. దిండు మళ్ళీ కుర్చీలోకి చేరింది.

అటు వెళ్ళే తల్లులకు ఒక మాట: అక్కడ ఎవరి దిండూ కదపకండి.

మా ఆయనకు ఫోన్లో చెప్తే "దిండు పాతబడిందా? కొత్తది కుడతావా?" అన్నారు.

సాయంత్రం రైల్లో కాజీపేట రాకముందే టీటీఈ వచ్చి నా పక్కన శ్రావణి బెర్తు గురించి అడిగాడు. రాదని చెప్పాను. ఆర్ఏసీలో సగం సీటులో ముడుచుకుని కూర్చున్న ఒకావిడను పిలిచి ఇచ్చాడు. ఆవిడ దుప్పటి పరుచుకుంటూ "మీవాళ్ళు రాలేదా అండీ?" అని అడిగింది.

"లేదమ్మా, మా అమ్మాయి చదువుకుంటోంది" అన్నాను. నాలుగేళ్ళలో ఆ మాట తలెత్తి చెప్పడం అదే మొదటిసారి.