చలి అన్న మాట

దయ్యాలని, చచ్చిపోయినవాళ్ళు కనిపించారని ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. నా పేరు మీరా. మాది దూదేకుల కుటుంబం. ఇల్లందులో పరుపులు, బొంతలు కుట్టే దుకాణం నడుపుతున్నాను. పని, నమాజు, ఇల్లు తప్ప నాకు వేరే ధ్యాస లేదు. అయినా ఆ డిసెంబర్ పొద్దున మా ఇంట్లో జరిగింది మాత్రం జరగలేదని అనలేను.

ముందు మా అక్క సంగతి చెప్పాలి.

అక్క పేరు జాన్‌బీ. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. బావ క్రేన్ ఆపరేటరు. పెళ్ళయిన రెండో ఏడు గుజరాత్‌లో ఓడరేవు పని దొరికితే అక్కను తీసుకుని వెళ్ళాడు. కచ్ వైపు ఒక పట్నంలో, మూడంతస్తుల ఇంట్లో కింది వాటా కిరాయికి తీసుకున్నారు. పదిహేను రోజులకోసారి అక్క మా వీధి చివరి ఎస్‌టీడీ బూత్‌కి ఫోన్ చేసేది.

చివరిసారి చేసినప్పుడు నేను అమ్మ పక్కనే ఉన్నాను. ఇక్కడ అప్పుడప్పుడు భూమి కదులుతోందని, గిన్నెలు గలగలలాడుతున్నాయని, భయమేస్తోందని, కొన్నాళ్ళు వచ్చి మన ఇంట్లో ఉంటానని అక్క అన్నదట. అమ్మ పుట్టిల్లు భద్రాచలం. ఆమె పెళ్ళికి ముందు ఏడు అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. దాన్ని చూసిన ధైర్యంతో మాట్లాడింది.

"మా దగ్గర గూడ వచ్చిందే బిడ్డా. గోడలు పగిలినయ్, మేం బతకలేదా? నీ మొగుడు ఒక్కడే అయితడు. ఆడనే ఉండు" అన్నది.

పన్నెండు రోజుల తర్వాత జనవరి జెండా పండుగ. ఆ మధ్యాహ్నం వార్తల్లో గుజరాత్ భూకంపం అన్నారు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు.

నాన్న, నేను రైళ్ళు మారుతూ ఆరో రోజుకు చేరాం. ఆ పట్నంలో వీధులు లేవు, గుట్టలే ఉన్నాయి. భూకంపం వచ్చిన వేళకు బావ ఓడరేవులో ఉన్నాడు కాబట్టి బతికాడు. అక్కను అప్పటికే బయటికి తీసి, అక్కడివాళ్ళే మట్టి ఇచ్చేశారు. మాకు ఒక మట్టికుప్ప చూపించారు. నాన్న దాని దగ్గర కూలబడి లేవలేదు.

అక్క పక్క వాటాలో ఉండిన ఒక పెద్దావిడ గుడారంలో ఉందంటే నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆమెను మూడో రోజు బయటికి తీశారట. కాలికి కట్టు ఉంది. ఇంకాసేపట్లో వేరే ఊరి ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. హిందీలో మెల్లగా చెప్పింది. తనకూ అక్కకూ మధ్య ఒక్క గోడే ఉందట. రెండో రాత్రి దాకా అక్క మాట్లాడుతూనే ఉందట. మొదట నీళ్ళడిగిందట. తర్వాత ఆమెకు అర్థం కాని మన భాషలోనే ఏదో చెప్పుకుందట. చివరికి "చలీ, చలీ" అన్నదట.

"వెళ్తున్నానని చెప్పే వెళ్ళింది బిడ్డ" అని ఆమె ఏడ్చింది.

హిందీలో ఆ మాటకు అర్థం అదే. నేను ఆమెకు సరిదిద్ది చెప్పలేదు. మా అక్క వెళ్తున్నానని అనలేదు. చలి అన్నది. బొంతలు కుట్టే ఇంటి పిల్ల జనవరి చలికి రెండు రాత్రులు రాళ్ళ కింద వణుకుతూ పోయింది.

బయటికి వచ్చి, నిమిషంలో ప్రాణం పోయిందట అని నాన్నకు చెప్పాను. ఇంటికి వచ్చాక అమ్మ ఒక్కసారే అడిగింది, బాధపడ్డదా అని. లేదన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. తర్వాత నాకు పెళ్ళయింది. నా భార్యకు కూడా ఈ మాట చెప్పలేదు. బావ ఇంకో పెళ్ళి చేసుకుని దూరమైపోయాడు. నాన్న చనిపోయి ఎనిమిదేళ్ళు.

ఇక ఆ డిసెంబర్. అక్క పోయి ఇరవై నాలుగేళ్ళు కావస్తోంది. అమ్మ తుంటి విరిగి మూడు నెలలుగా మంచంలోనే ఉంది. మతి మాత్రం చక్కగా ఉంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తనే నాకు గుర్తుచేసేది. పొద్దున ఏడు దాటాక చాయ్ తీసుకెళ్ళాను. కళ్ళు తెరిచే ఉంది.

"మీరా, నన్ను బయట కూసోబెట్టు. జాన్‌బీ బయటికి రమ్మంటున్నది."

జ్వరమేమోనని నుదురు పట్టి చూశాను. చల్లగానే ఉంది. ఎందుకు కాదనడం అని ఎత్తుకుని వాకిట్లోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. బొంత కప్పబోతే చేత్తో తోసేసింది.

"దానికి చలేసిందంటరా. రెండు రాత్రులు. నువ్వు నాకు చెప్పలే."

ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. అదే చెప్పింది అన్నది.

అప్పుడు కదిలింది భూమి. మొదట పెద్ద లారీ వస్తున్నట్టు మోత. కుర్చీ కాళ్ళు టకటకా కొట్టుకున్నాయి. వంటింట్లో గిన్నెలు పడ్డాయి. వీధిలో జనం బయటికి పరుగెత్తారు. కొన్ని సెకన్లు, అంతే. తలుపు పైన ఒక సన్నని బీట తప్ప మా ఇంటికి ఏమీ కాలేదు. అమ్మ మంచం మీద పెంకు ముక్క కూడా పడలేదు. ములుగు అడవుల వైపు వచ్చిందని తర్వాత టీవీలో చెప్పారు.

అమ్మ భయపడలేదు. నా చెయ్యి పట్టుకుని, "వస్తనన్నది. నేనే వద్దన్న" అన్నది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. ఆమె ఏడుస్తుంటే ఆ బొంత తీసి భుజాల చుట్టూ కప్పాను.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. నిద్రలో పలవరించి ఉంటానా? ఎప్పుడూ లేదంటుంది నా భార్య. నాన్న నా వెనకే వచ్చి, గుడారం బయట నిలబడి విని, అమ్మకు చెప్పి ఉంటాడా? కావచ్చు. మరి భూమి కదలబోతోందని ఆమెకు ఎవరు చెప్పారు? పశువులకు తెలుస్తుందంటారు, ముసలివాళ్ళకూ తెలుస్తుందేమో.

నాలుగు రోజులాగి అమ్మనే అడిగాను. నిజం చెప్పు, నాన్న చెప్పాడా అని.

"ఎవరు చెప్తే ఏంది బిడ్డా. నువ్వైతే చెప్పలే గద" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఇంకో మాట అడగలేకపోయాను.

ఆ తర్వాత వచ్చిన రంజాన్ నెలలోనే అమ్మ పోయింది. నాన్న చెప్పి ఉంటే, నా అబద్ధాన్ని నాకోసమే ఇన్నేళ్ళు నమ్మినట్టు నటించి, ఆ చలిని ఒక్కతే మోసింది. చెప్పకపోతే, అక్క వచ్చింది. ఒక్కో రోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది.

మట్టి ఇచ్చి అందరూ వెళ్ళిపోయాక నేను అమ్మ సమాధి దగ్గర కూర్చుని, ఆ గుడారంలో విన్నదంతా మొదటి నుంచి చెప్పాను. ఆమెకు తెలుసని తెలిసీ చెప్పాను. ఎలా తెలిసిందో మాత్రం నాకు ఇవాళ్టికీ తెలియదు.