మామిడితోటలో మిట్ట

ప్రతి ఊళ్ళోనూ అన్నిటికన్నా ఎత్తయిన చోటేదో కనుక్కుని, దాని మీద కాసేపు నిలబడి రావడం వయసులో ఉన్నప్పుడు నాకొక సరదా. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో నూజివీడులో మిషన్ బడి మేష్టరుగా ఉండేవాణ్ణి. ఆదివారం ఆరాధన కాగానే ఇంత తిని సైకిలెక్కేవాణ్ణి. మైలవరం వైపు కొండలున్నాయి, అక్కడ వెతకడానికేముంది, తలెత్తితే కనిపిస్తాయి. ఊరివాళ్ళకే తెలియని ఎత్తు కావాలి నాకు. చింతలపూడిలో అది ఒకరి పెరట్లో, గేదెల పాకలో తేలింది. ఆ ఇల్లాలు నన్ను ఎగాదిగా చూసి, "ఇందుకోసం ఇంత దూరం వచ్చారాండీ?" అంటూ గేదెను అవతల కట్టేసింది. పేడలో కాళ్ళు పెట్టి హాయిగా నిలబడ్డాను.

"కొండలెక్కేవాళ్ళ గురించి విన్నాను గానీ, దిబ్బలెక్కే మనిషిని మిమ్మల్నే చూస్తున్నానండీ" అనేది మా ఆవిడ. నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. గొలుసులూ పరికరాలూ ఏమీ లేకుండా, ఊరికే కంటితో చూసి మిట్టపల్లాలు చెప్పేస్తాడని నలుగురిలో పేరొచ్చింది.

ఆ పేరు విని ఒక కూలిమనిషి నా దగ్గరికి వచ్చాడు. అతనూ, అతని భార్యా ఊరి చివర మామిడితోటలో పనిచేసేవాళ్ళు. తోట ఆసామి తోటకి అవతలున్న ఎకరం చేను వాళ్ళకి కౌలుకిచ్చాడు. ఆ ఏడు వరి పండిస్తే చేను వాళ్ళ దగ్గరే ఉంటుంది, పండించలేకపోతే ఇంకొకరికి పోతుంది. నీళ్ళేమో తోటకి ఇవతల కుంటలో ఉన్నాయి. తోటలోంచి కాలవ తవ్వుకోవడానికి ఆసామి ఒప్పుకున్నాడు. ఎడమ పక్క ముసలి పెద్దరసం చెట్లు, కుడి పక్క రెండేళ్ళ బంగినపల్లి అంటుమొక్కలు. ఎటునుంచి తవ్వాలో తేలక నన్ను అడగడానికి వచ్చాడు.

"ఊరూరా మిట్టలు చూసొస్తారంట గదండీ మేష్టారూ. మా తోట కూడా కాస్త చూసి పెట్టండి. మాకిదే మొదటి చేనండి" అన్నాడు.

వెళ్ళాను. అది కాయల కాలం. తోటను కాయకి కొనుక్కున్న వ్యాపారి మనుషులు కొత్త మొహాన్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అందుకని కుంట గట్టు మీదనుంచే చూశాను. ఎడమ పక్క ఎత్తుగా పచ్చగా లేచి ఉంది. కుడి పక్క అంతా తెరిపిగా, కిందికి దిగినట్టు ఉంది. పట్టుమని పది నిమిషాలైనా చూడలేదు. "ఎడం పక్క మిట్ట. కుడి పక్కనుంచి తవ్వుకో" అన్నాను.

వెనక నిలబడ్డ అతని భార్య, "అటు కాదేమోనండీ..." అని ఏదో చెప్పబోయింది.

"మేష్టారు చెప్తుంటే మధ్యలో నీకెందుకే?" అని అతను కసిరాడు. నేను పెద్దమనిషిలా నవ్వాను తప్ప, ఆమె చెప్పబోయిందేమిటో అడగలేదు.

కాయ కోతలయ్యాక తవ్వకం మొదలెట్టారు. పగలంతా తోటపని, సాయంత్రం కాలవ పని. అతను పలుగుతో తవ్వితే ఆమె తట్టతో మట్టెత్తి పోసేది. నెల పట్టింది. వానలు పడి కుంట నిండింది. నీళ్ళు వదిలే రోజు నాకు కబురు పెట్టారు. నా మాట నెగ్గడం కళ్ళారా చూద్దామని చంకలు గుద్దుకుంటూ వెళ్ళాను.

గండి కొట్టగానే నీళ్ళు ఉరుకులు పరుగులతో బయల్దేరి, అంటుమొక్కల మధ్యకి వచ్చి ఆగిపోయాయి. చూస్తుండగానే వెనక్కి నిండడం మొదలైంది. అతను కాలవలోకి దిగి రెండు చేతులతో నీళ్ళను ముందుకు తోశాడు. తోస్తే పోతాయా?

అప్పుడు నడిచాను ఆ దారిన, మొదటిసారి. నా పిక్కలకి తెలిసొచ్చింది. నేను గట్టు మీదనుంచి చూసింది నేలను కాదు, చెట్ల తలలను. ముసలి చెట్లు పల్లంలో ఉండి కూడా ఎత్తుగా కనబడ్డాయి, చిన్న మొక్కలు మిట్ట మీద ఉండి కూడా పొట్టిగా కనబడ్డాయి. మామిడితోటల్లో తిరిగేవాడెవడికీ రాని పొరపాటు.

ఆమె తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. "రెండు వేసవులు ఈ మొక్కలకి కడవల్తో నీళ్ళు మోశానండి. అటేపు చెట్ల కింద చులాగ్గా నడిచేదాన్ని. ఇటొచ్చేసరికి ఆయాసం వచ్చేది. మిట్టేదో నాకు తెలీదంటారా?"

అతను తలెత్తలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాటినుంచి ఎడమ పక్క తవ్వాం. బడి వదలగానే నేనూ పార పట్టాను. బొబ్బలెక్కిన చేతులకి మా ఆవిడ వెన్న రాసేది. నీళ్ళు చేనుకి చేరాయి గానీ, అప్పటికి నారు ముదిరిపోయింది. ముదురు నారు నాటితే ఏం పిలకలేస్తుంది? పంట పోయింది. తప్పు నాదని చెప్పడానికి ఆసామి దగ్గరికి వెళ్ళాను. "తప్పు మీదయితే చేను మీకు కౌలుకివ్వమంటారా మేష్టారూ?" అని నవ్వాడు. చేను మరొకరికిచ్చాడు, వీళ్ళు తవ్విన కాలవతో సహా. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటే ఇదే.

మరుసటి వేసవిలో ఒక సాయంత్రం ఆ ఆలుమగలను చూద్దామని తోటకి వెళ్ళాను. ఆమె అంటుమొక్కలకి నీళ్ళు మోస్తోంది. కడవ అందుకోబోయాను. ఇవ్వలేదు. ముందు నడిచి, ఒక మొక్క దగ్గర ఆగి, కడవ దించి ఊపిరి తీసుకుంది.

"ఇదేనండి మేష్టారూ, తోట మొత్తానికి మిట్ట. మీకు సరదా గదా, వచ్చి నిలబడండి" అంది.

ఎత్తిపొడుపేమోనని ఆమె మొహంలోకి చూశాను. కాదు. నిజంగా నా సంతోషం కోసమే అంది. రెండడుగులు వేస్తే చాలు. నా కాళ్ళు కదల్లేదు. ఆమె కాసేపు చూసి, కడవలో నీళ్ళు మొక్క పాదులో పోసి, మళ్ళీ కుంట వైపు దిగిపోయింది.