హాల్లో మంట, పెరట్లో వంకాయ

ఢిల్లీ నుంచి బదిలీ అయిన మా తమ్ముడు అక్కడి కరెంటు హీటరు తెచ్చి మా హాల్లో దించి వెళ్ళాడు. గాజు వెనక అచ్చం కట్టెలు మండుతున్నట్టే ఉంటుంది. వేడి వద్దనుకుంటే మంట ఒక్కటే వేసుకోవచ్చు. కోనసీమలో ఇంకేం కావాలి!

ఈ సాయంత్రం అలాగే వేసుకుని కూర్చున్నాను. పక్కింటి రత్నం పిన్నిగారు కిటికీలోంచి చూసి, నూనె రాసిన వంకాయ పట్టుకుని వచ్చేశారు.

“నిప్పు రాజేసేవు గదా బాబూ, ఓ మూల ఇది కాల్చుకుంటాను. గ్యాసు మీద కాలిస్తే పచ్చడికి రుచుండదు.”

“అది ఉత్త వెలుగేనండీ పిన్నిగారూ. వేడికి వేరే స్విచ్చుంది.”

ఆవిడ గాజు మీద చెయ్యి పెట్టి చూశారు.

“మంటకో స్విచ్చూ, వేడికో స్విచ్చూనా! దీనికన్నా మా ఆయన నయం. కోపమొస్తే రెండూ కలిసే వస్తాయి.”

నేరుగా పెరట్లోకి వెళ్ళి, మా ఆవిడ వంకాయలు కాల్చే పొయ్యిలో కొబ్బరి డొక్కలు వేసి అంటించారు. తను పోయాక, రెండేళ్ళుగా ఆ పొయ్యిని నేను ముట్టుకోలేదు. ఆపబోయి ఊరుకున్నాను. ఇల్లంతా పొగ.

పచ్చడిలో సగం నాకిచ్చారు. చాలా రోజులకి మారు వడ్డించుకున్నాను.

హీటరు ఇంకా చల్లగా మండుతూనే ఉంది. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటిది ఉంటే, దాని మీద ఏం కాలుతుందో చెప్పండి. పిన్నిగారు అడుగుతున్నారు.